విశాఖలో చూడాల్సింది రేవు మూతి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి విశాఖపట్నం పోయొచ్చిన వాళ్లను ఏం చూశారని అడిగితే జవాబు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. సముద్రంలో కాళ్లు తడుపుకున్నాం, కైలాసగిరి ఎక్కాం, సింహాచలం అప్పన్నను దర్శించుకున్నాం, జలాంతర్గామిలోకి దూరి అవతల తేలాం. పెద్దకడుబూరు బడుల నుంచి విహారయాత్రకు పోయిన పిల్లలైతే సముద్రం సంగతి రెండు ముక్కల్లో ముగించి జలాంతర్గామి గురించి అరగంట చెబుతారు. అలలు ఎలా ఉంటాయో సినిమాల్లో చూసిందే. ఇనుప గొట్టంలో డెబ్బై అయిదు మంది నెలల తరబడి బతకడం మాత్రం వాళ్లకు నిజంగా కొత్త.

విశాఖ నౌకాదళ నగరం. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది అక్కడే. మన దేశపు జలాంతర్గాములకు పుట్టిల్లు అనదగ్గ ఐఎన్‌ఎస్ వీరబాహు 1971 మే 19న మొదలైందీ అక్కడే. అలాంటి ఊరు తన గతాన్ని యాత్రికుడికి ఎలా చూపిస్తోంది? ఇదే రకం ఊళ్లు జపాన్‌లో ఉన్నాయి, అవి ఎలా చూపిస్తున్నాయి? నల్లరేగడిలో పత్తి, శనగ వేసుకుని, పనుల్లేని కాలంలో సుగ్గికి గుంటూరు మిరప చేలకు బండ్లు కట్టే పడమటి కర్నూలు జనానికి అందులో ఒరిగేదేముంది? నా అభిప్రాయం ముందే చెబుతాను. విశాఖలో వస్తువులు ఒకచోట ఉన్నాయి, జరిగిన సంగతులు మరొకచోట ఉన్నాయి. వస్తువులు రామకృష్ణ బీచ్‌లో. సంగతులు అక్కడికి దక్షిణాన నాలుగైదు కిలోమీటర్ల అవతల, యారాడ కొండకూ పాతూరికీ నడుమనున్న సన్నని రేవు మూతి దగ్గర. వచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది మొదటిచోటనే ఆగి, ఐస్‌క్రీము తిని, బస్సెక్కుతున్నారు.

ముందు బీచ్ రోడ్డు సంగతే చూద్దాం, ఎందుకంటే అక్కడున్నది తక్కువదేమీ కాదు. ఐఎన్‌ఎస్ కురుసుర 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. దాన్ని తుక్కుకు పంపకుండా ఒడ్డుకు లాగి, బీచ్‌లో పునాది కట్టి దానిమీద నిలబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. అయిదున్నర కోట్ల దాకా ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అదే నెల 24 నుంచి జనం లోపల నడుస్తున్నారు. పొడవు 91 మీటర్లు. వెడల్పు బయటికి ఏడున్నర మీటర్లే. లోపల యంత్రాలూ గొట్టాలూ పోగా మనిషికి మిగిలేది ఒక సందు. ఏడు గదులు. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి కంతలోంచి నడుం వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. లావుపాటి పెద్దమనుషులు ఇక్కడే వెనక్కి తిరుగుతారు.

ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. మొత్తం 22 టార్పెడోలు మోసుకుపోగలదు. ఆ టార్పెడోల పక్కనే నావికుల పడకలు. నీటి అడుగున ఇది నడిచేది బ్యాటరీల మీద. బ్యాటరీలు నింపాలంటే డీజిల్ ఇంజను తిప్పాలి, ఇంజనుకు గాలి కావాలి, గాలి కావాలంటే పైకి రావాలి. పైకి వస్తే శత్రువుకు కనబడుతుంది. డీజిల్ జలాంతర్గామి బతుకంతా ఈ చిక్కుముడే. ఇది అర్థమైతే మిగిలిన మీటర్లు, చక్రాలు, వాల్వులు వాటంతటవే అర్థమవుతాయి. చుట్టూ సముద్రమున్నా లోపల మంచినీళ్లు కొలతే. స్నానం అనేది కోరిక. ఈ ఒక్క సంగతి మాత్రం మన పిల్లలకు విడమరచి చెప్పే పని లేదు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం వరసగా పెట్టిన బిందెల వెనక నిలబడ్డవాళ్లకు ఒక చెంబుతో ముఖం, చేతులు, కాళ్లు ఎలా కడుక్కోవాలో తెలుసు.

లోపల దారి చూపేవాళ్లు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లే. కురుసుర విలువలో సగం వాళ్లది. గైడును తొందరపెట్టకుండా, పడుకున్నదెక్కడ, వండుకున్నదెక్కడ అని అడిగితే, కంఠతా పట్టిన పాఠం ఆపి మనిషి మాట్లాడడం మొదలుపెడతాడు. పిల్లలను తీసుకెళ్లే మాస్టర్లకు నా సలహా: యంత్రాల గురించి పిల్లలే అడుగుతారు, మీరు తిండి గురించి, నిద్ర గురించి అడగండి.

అయితే కురుసుర కథలో మలుపులన్నీ విశాఖ బయటే ఉన్నాయి. 1971 యుద్ధంలో అది బంగాళాఖాతంలో లేదు, అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఫలానా హద్దు దాటరాదు, ఎదుటి ఓడ ఎవరిదో రూఢి అయితే తప్ప కొట్టరాదు అనే ఆంక్షల మధ్య తిరిగింది. ఆ తర్వాత విడిభాగాలు దొరక్క, తోటి జలాంతర్గాములను నడిపించడానికి దీని భాగాలే విప్పి వాడుకున్నారు. కొన్నేళ్లు మూలపడి, మరమ్మతుకు పోయి, 1985లో తిరిగి కొలువులో చేరింది. యుద్ధవీరుడి కథలో ఇలాంటి ఘట్టం శోభించదనుకుంటారేమో కానీ, పరాయి దేశపు యంత్రం కొన్న దేశం పడే అవస్థ ఇంతకంటే సూటిగా చెప్పే వస్తువు ఆ తీరంలో మరొకటి లేదు.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురుగా తిరిగే జోడు పంకాలు. జలాంతర్గాములను ఆకాశం నుంచి వెతికి వేటాడడం దాని పని. 1988 నుంచి 29 ఏళ్లపాటు, 30 వేల గంటలు ఒక్క ప్రమాదమూ లేకుండా ఎగిరిన విమానదళం అది. 2017 మార్చిలో విరమించింది. అదే ఏడాది డిసెంబరు 8న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. వేటగాడినీ వేటనూ రోడ్డుకు చెరోపక్క నిలబెట్టడం, తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, బ్రహ్మాండంగా కుదిరింది. ఆ పక్కనే సీ హారియర్ యుద్ధవిమానం ఉంది. ఇంకాస్త దూరంలో 1971 అమరులకు 1996లో కట్టిన విజయ స్మారకం. సీ హారియర్ల మకాం గోవా. టీయూ-142లు మొదట గోవాలో, 1992 తర్వాత తమిళనాడులోని అరక్కోణంలో ఉండేవి. అంటే బీచ్ రోడ్డు మీద మనం చూసే విమానాలు బయటి ఊళ్లలో కొలువు చేసి, విశాఖకు వచ్చి విశ్రాంతి తీసుకుంటున్నవి. వాటిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వాటితోనే విశాఖ నౌకాదళ కథ అయిపోయిందనుకుంటే మోసపోతాం.

అసలు కథ కోసం పాతూరికి, వన్‌టౌన్‌కు పోవాలి. రాస్ కొండ మీద చర్చి, పక్క కొండ మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరుడి గుడి. ఈ మూడు కొండల కిందుగానే ఓడలు లోపలి రేవుకు పోయే కాలువ. ఎదురుగా యారాడ కొండ సముద్రంలోకి మూతి చాపి ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దానికి డాల్ఫిన్ ముక్కు అని పేరు పెట్టారు. రేవులోకి వచ్చే ఓడలవాళ్లు పూర్వం దర్గాకు వందనం చేసేవారని చెబుతారు. కొండమీద నిలబడి చూస్తే పెద్ద సరుకు ఓడ ఇళ్ల మధ్యన నడిచిపోతున్నట్టు కనబడుతుంది. టికెట్టు లేదు, వరస లేదు. విశాఖలో ఇంతకంటే మంచి దృశ్యం నాకు తెలియదు.

ఈ తీరానికి యుద్ధం 1971లోనే మొదటిసారి వచ్చిందా? కాదు. 1780 అక్టోబరు 3న ఇక్కడి కుంఫిణీ సిపాయిలు తిరగబడ్డారు. హైదరాలీ మీద పోరుకు ఓడెక్కి మద్రాసు పోవాలని ఉత్తర్వు వస్తే, ఎక్కం అన్నారు. హైదరాలీ అంటే మన సీమకు పరాయి కథ కాదు. ఆదోని అప్పట్లో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఏలుబడిలో ఉండేది, ఆరేళ్ల తర్వాత 1786లో హైదరాలీ కొడుకు టిప్పు సుల్తాన్ వచ్చి ఆ కోటను పట్టుకున్నాడు. హైదరాలీతో యుద్ధపు తాకిడి సముద్రపుటొడ్డున సిపాయిల తిరుగుబాటుగా తేలింది. 1857కు 77 ఏళ్ల ముందటి మాట ఇది. ఇక 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయా మూడు యుద్ధనౌకలతో వచ్చి రేవు ముందర లంగరేసిన ఇంగ్లీషు నౌక సెంచూరియన్ మీద పడ్డాడు. సెంచూరియన్ దెబ్బలు తిని కూడా మునగలేదు. దాని కాపలాలో ఉన్న రెండు సరుకు ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది, రెండోది ఫ్రెంచివాళ్ల చేత చిక్కింది. నెపోలియన్ కాలపు నౌకాయుద్ధం విశాఖ జనం ఒడ్డున నిలబడి చూసేంత దగ్గరలో జరిగింది.

అప్పటికి రేవు లేదు. ఓడలు నడిసముద్రంలో ఆగితే పడవల మీద సరుకు మోసేవారు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి దారి కావాలని యారాడ కొండ వెనకనున్న ఉప్పు బాడవను తవ్వి రేవు చేశారు. కాలువ మూతిలోకి ఇసుక కొట్టుకురాకుండా జానస్, వెల్డసన్ అనే రెండు పాత ఓడలను తెచ్చి, కావాలనే ముంచి, కరకట్టగా వాడారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ మొదటిసారి లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా తెరిచాడు. ఆ సింధియా కంపెనీయే, వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదలతో, ఓడలు కట్టే కార్ఖానాకు పూనుకుంది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. తెల్లవాడి ఏలుబడిలో, యుద్ధం మధ్యలో, స్వదేశీ ఓడల కార్ఖానాకు కాంగ్రెసు నాయకుడు రాయి వేయడం చిన్న విషయం కాదు. 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ అక్కడ కట్టిన మొదటి ఓడ జల ఉషను నీళ్లలోకి విడిచారు. నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అదే. సిటీ బస్సు కండక్టరు ఇప్పటికీ 'సింధియా, సింధియా' అని కేకేస్తాడు. ఎక్కేవాళ్లలో ఎంతమందికి అది ఓడల కంపెనీ పేరని తెలుసో!

పునాదిరాయికీ జల ఉషకూ నడుమ 1942 ఉంది. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అడ్మిరల్ ఒజావా నాయకత్వాన ర్యూజో అనే విమానవాహక నౌకతో బంగాళాఖాతంలోకి వచ్చిన దండు అది. ఆ కొద్ది రోజుల్లో ఈ సముద్రంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. చనిపోయినవాళ్లు తక్కువే, భయం మాత్రం కొండంత. జనం ఇళ్లకు తాళాలేసి పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. దాని భవనాలు సైన్యం చేతికి పోయాయి. ఆనాడు పడి పేలకుండా మిగిలిన 250 పౌన్ల జపాను బాంబు ఒకటి బీచ్ రోడ్డు మీదే, పాత డచ్చి బంగళాలో 1991 అక్టోబరు 8న తెరిచిన విశాఖ మ్యూజియంలో ఉంది. కురుసురకు నడిచిపోయే దూరం. విశాఖ మీద నిజంగా పడిన ఆయుధం, నా ఎరుకలో, యాత్రికుడికి కనబడేది ఆ ఒక్కటే. కురుసుర ముందు బారులు తీరిన జనంలో పదో వంతు కూడా దాని దగ్గరికి రారు.

ర్యూజో నౌకను యోకొహామాలో కట్టి, యోకొసుకా నౌకాదళ కార్ఖానాలో ముస్తాబు చేసి, 1933 మే 9న కొలువులో చేర్చారు. విశాఖ రేవు తెరిచిన సంవత్సరం అదే. తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఓడ ఈ రేవును వెతుక్కుంటూ వచ్చింది. అదే ఏడు ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర తానే మునిగిపోయింది. ఆ యోకొసుకా ఇవాళ తన నౌకాదళ గతాన్ని అమ్ముకుని బతికే యాత్రాస్థలం. కాబట్టి పోలిక కోసం జపాను దాకా పోవడం నా సరదా కొద్దీ కాదు.

పాత జపాను సామ్రాజ్యంలో నౌకాదళ కేంద్రాలు నాలుగు: యోకొసుకా, కురే, ససెబో, మైజురు. 1945లో ఓడిపోయాక ఈ నాలుగు ఊళ్లకూ బతుకుతెరువు పోయింది. 1950లో ఒక చట్టం వచ్చింది: పాత నౌకాదళ ఆస్తులను శాంతికాలపు పరిశ్రమలకు, ఊరి అవసరాలకు ఇవ్వవచ్చని. నాలుగు ఊళ్లలోనూ జనం ఓట్లు వేసి దాన్ని ఒప్పుకున్నారు. 2016లో ఆ నాలుగింటినీ కలిపి ఒకే కథగా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ఓడ ఒకచోట, కార్ఖానా ఒకచోట, నీటి పైపులు ఒకచోట ఉన్నా, అన్నీ కలిస్తేనే నౌకాదళ నగరం అనే ఎరుక ఆ పనిలో ఉంది. మైజురులో సరుకు దాచిన ఎర్ర ఇటుకల గిడ్డంగులే చూడదగ్గవి. యుద్ధం ముగిశాక సైబీరియా శిబిరాల నుంచి తిరిగొచ్చిన బందీల మ్యూజియం కూడా ఆ ఊళ్లో ఉంది. అందులోని పత్రాలను 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకు ఎక్కించింది. గెలిచిన ఓడ పక్కన ఓడిన మనిషికి చోటివ్వడం అంటే అదీ.

యోకొసుకాలో మికాసా యుద్ధనౌక ఉంది. 1905 మే నెలలో త్సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని అడ్మిరల్ తోగో చిత్తుచేసింది దాని మీది నుంచే. ఆ గెలుపు వార్త మన దేశంలో ఎంత ఉత్సాహం నింపిందో నెహ్రూ ఆత్మకథలో రాసుకున్నాడు. 1926లో మికాసాను స్మారకంగా నిలబెట్టారు. రెండో యుద్ధం తర్వాత అదే ఓడ మీద డాన్సు హాలు, చేపల తొట్లు పెట్టుకున్నారు, ఫిరంగులు ఊడబెరికారు. చివరికి జపానును ఎదిరించి పోరాడిన అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ కూడా చందా ఇచ్చి సాయపడగా, 1961లో బాగుచేసి తెరిచారు. అక్కడి నుంచి నలభై అయిదు నిమిషాల పడవ యాత్ర ఒకటి ఉంది. జపాను ఓడలనూ, అక్కడే మకాం వేసిన అమెరికా ఏడో నౌకాదళం ఓడలనూ నీటి మీది నుంచే చూపిస్తారు. రహస్యాలేమీ లేని రేవు కాదది. ఎంతవరకు చూపొచ్చో గీత గీసుకున్నారు, ఆ గీత లోపల ధారాళంగా చూపిస్తున్నారు.

కురేలో మన కురుసురకు జోడీ కనబడుతుంది. అకిషియో అనే 76 మీటర్ల జలాంతర్గామిని నేలమీద నిలబెట్టి 2007లో తెరిచారు. ప్రవేశం ఉచితం. ఎదురుగా 2005లో కట్టిన యమాటో మ్యూజియం. అందులో పదోవంతు కొలతతో చేసిన యమాటో యుద్ధనౌక నమూనాయే 26.3 మీటర్లు. 1945 ఏప్రిల్ 7న మునిగినప్పుడు ఆ ఓడతో దాదాపు మూడువేల మంది పోయారు. అక్కడి పార్కులోంచి ఒడ్డున కట్టేసిన, ఇప్పటికీ కొలువులో ఉన్న జలాంతర్గాములు కనబడతాయి. కురేలో మ్యూజియమూ రేవూ ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి. విశాఖలో లేనిది ఈ పొందికే.

అలాగని జపానువాళ్లను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. త్సుషిమా గెలుపు అయిదేళ్లకు కొరియా మెడకు ఉరి అయింది. యమాటో నమూనా ముందు ఫోటోలు దిగే జనానికి ఆ నౌకాదళం సింగపూరులో, అండమానులో ఏం చేసిందో తట్టేలా చేయడం అంత తేలిక కాదు. ఇనుము మీది మోజు ఏ దేశంలోనైనా చరిత్రను మింగేస్తుంది.

వాళ్ల నుంచి కచ్చితంగా నేర్వదగ్గది ఇంకొకటుంది, అది తిండి. 1908లో మైజురులో అచ్చయిన నౌకాదళ వంటల పుస్తకంలో కూర, అన్నం కలిపి వడ్డించే పద్ధతి ఉంది. మన మసాలా కూర ఇంగ్లీషు నౌకాదళం చేతిలో పడి, పిండి కలిసి చిక్కబడి, జపాను ఓడలకు చేరింది. ఇప్పటికీ అక్కడి నౌకాదళంలో శుక్రవారం కూర వండుతారు. యోకొసుకా 1999లో తనను తాను కూర పట్నంగా చాటుకుని, పాలు, కూరగాయల సలాడుతో సహా వడ్డిస్తోంది. విశాఖ బీచ్‌లో ముంత మసాలా అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ కురుసుర వంటగదిలో ఏం వండేవారో రుచి చూపించే హోటలు ఒక్కటి ఉన్నా, పిల్లలు నావికుడి బతుకును నాలుకతో గుర్తుపెట్టుకుంటారు.

తిరిగి మన రేవు మూతికి వస్తే, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఇక్కడ నీటిలో పెద్ద పేలుడు వినిపించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో మునిగింది. అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి పాకిస్తాన్‌కు వచ్చిన పాత జలాంతర్గామి అది. విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాను వైపు దాగి ఉంది. తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక నాటకం ఆడించాడు. ఐఎన్‌ఎస్ రాజపుత్ అనే పాత నౌకను విక్రాంత్‌లా నటించమన్నాడు. విశాఖ బజారులో పెద్ద ఓడకు సరిపడా కూరగాయలు, మాంసం కొనుగోలుకు ఆర్డర్లు పెట్టించాడు. వేగులు చూసి నమ్మాలని. తల్లికి జబ్బుగా ఉంది, కబురు తెలపండి అని ఓ నావికుడు విక్రాంత్ నుంచి అడిగినట్టు ఒక వైర్‌లెస్ సందేశాన్నీ కావాలని బయటికి వదిలారు. అంటే విశాఖ కిరాణా వ్యాపారులు, మటన్ కొట్లవాళ్లు తమకు తెలియకుండానే ఆ యుద్ధంలో పాత్రధారులు. మునిగిన ఆనవాళ్లు మొదట చేతికందింది కూడా చేపలు పట్టేవాళ్లకే.

ఘాజీని రాజపుత్ వదిలిన నీటిబాంబులే ముంచాయని మన నౌకాదళం అంటుంది. సొంత మందుపాతరలో, లోపలి పేలుడో కారణమని పాకిస్తాన్ అంటుంది. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా చూసినవాళ్లు మన జలాంతర్గామి ఒకటి దాన్ని తరిమి తరిమి కొట్టిందనుకుంటారు, అది కల్పన. చిత్రమేమిటంటే, విశాఖ గుమ్మంలో మునిగిన జలాంతర్గామి ఇవాళ ఎవరికీ కనబడదు. అందరికీ కనబడే జలాంతర్గామి ఆ రాత్రి ఇక్కడ లేదు. కురుసుర నుంచి బయటికి వచ్చిన పిల్లవాడికి దక్షిణానికి వేలు చూపించి, అదిగో ఆ కొండ ముక్కు అవతల 93 మంది నీటి కింద ఉన్నారు, వాళ్లూ నావికులే అని చెప్పే బోర్డు ఒక్కటి అక్కడ ఉండాలని నా కోరిక.

పెద్ద ఓడను తెచ్చి పెట్టాలనే ఆశ విశాఖకు లేకపోలేదు. 2017 మార్చి 6న విమానవాహక నౌక విరాట్ విరమించినప్పుడు దాన్ని మ్యూజియం చేయడానికి మన రాష్ట్రం ముందుకొచ్చింది. ఖర్చు లెక్కలు తేలలేదు. 2020లో అది గుజరాత్ అలంగ్ తీరానికి తుక్కుగా పోయింది. 1971 నాటి విక్రాంత్ ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా నిలిచి, 2014లో ముక్కలైంది. నాకు దీని మీద పెద్ద దిగులు లేదు. ఉప్పుగాలిలో ఇనుమును కాపాడడం ఏటేటా కోట్లు మింగే పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లు ఇంకో ఓడ ఒడ్డుకెక్కించమని అడగరు. ఆ డబ్బులో పిసరంత పెడితే రాస్ కొండ మీద, దర్గా కొండ మీద, కురుపాం మార్కెట్ దగ్గర 1780, 1804, 1933, 1942 సంగతులు చెప్పే పలకలు, కొండెక్కించి చెప్పే నలుగురు గైడ్లు వస్తారు. ఆదోని కోట చూసినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. అంత పెద్ద కొండకోట, అన్ని ముట్టళ్లు. పైకెక్కినవాడికి ఏ గోడ ఎవరిదో చెప్పే దిక్కుండదు.

కాపలా సంగతి వేరు. యారాడ కొండలో చాలా భాగం నౌకాదళం అధీనంలో ఉంది. డాక్‌యార్డ్ వైపు కెమెరా తిప్పకూడదు. 2009 జూలై 26న అణు జలాంతర్గామి అరిహంత్‌ను నీటిలోకి దించిన రేవు ఇది, యోకొసుకాలా పడవ తిప్పమనడం అత్యాశ. కానీ 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ తెరిచారు. పెద్ద ఓడల్లో వచ్చే సంపన్నులకు కనబడే రేవు మూతి, ఆదోని నుంచి సాధారణ బోగీలో వచ్చినవాడికి చిన్న పడవలో, చెప్పిన హద్దుల్లో కనబడితే తప్పేముంది? నౌకాదళానికి చరిత్ర పట్టదని కూడా అనలేం. భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధ విహారం వెలుగులోకి వచ్చిందే 1976లో స్థావరం కోసం నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేసినప్పుడు.

ఇక మన వైపు నుంచి పోయేవాళ్ల కోసం కొన్ని మాటలు. ఆదోని నుంచి గుంతకల్లు చేరి అక్కడ బండి మారడం మేలు. సోమవారం కురుసుర మూసి ఉంటుంది. డిసెంబరు 4 నౌకాదళ దినం నాడు బీచ్‌లో విన్యాసాలు చూడొచ్చని పోయేవాళ్లు ముందుగా కనుక్కోవాలి: 2023లో ప్రధాన వేడుక మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌కు, 2024లో పూరీకి పోయింది, విశాఖ విన్యాసాలు 2025 జనవరి 4న జరిగాయి. ఆ వారాల్లో బడిపిల్లలను యుద్ధనౌకల మీదికి ఎక్కనిచ్చే రోజులుంటాయి, హెడ్‌మాస్టర్లు ముందే రాసుకుంటే మంచిది. ఉదయం ఎండ ముదరకముందే పాతూరి కొండలెక్కి రేవు చూడండి. తర్వాత జపాను బాంబు. కురుసుర, టీయూ-142 మధ్యాహ్నం తర్వాతే. ఈ వరసలో పోతే జలాంతర్గామిలో దూరేటప్పటికి పిల్లలకు అది ఎవరి కోసం, ఎవరి మీదికి పోయిందో కొంత తెలిసి ఉంటుంది.

అంత దూరం, అంత ఖర్చు మోయలేని బడులకు ఇంకో దారి ఉంది. మనకు సముద్రం తూర్పునే కాదు, పడమరన కూడా ఉంది. బళ్లారి, హుబ్బళ్లి మీదుగా కార్వార్ పోతే విశాఖ దూరంలో ఇంచుమించు సగం. 2005లో కదంబ నౌకా స్థావరం వెలసిన ఊరది. అక్కడి టాగూర్ బీచ్‌లో చపల్ అనే క్షిపణి నౌకను ఒడ్డుకెక్కించి పెట్టారు, పక్కనే ఒక టీయూ-142 కూడా వచ్చి చేరింది. మన పిల్లల్లో సగం మందికి కన్నడం ఎలాగూ వచ్చు.